ది లాస్ట్ నింజా (కమడోర్ 64): తరచుగా అడిగే ప్రశ్నలు

పాత కంప్యూటర్ ఆటల మీద నాకున్న పిచ్చి తెలిసినవాళ్లు అడిగే వాటిలో సగం ప్రశ్నలు ఈ ఒక్క ఆట గురించే ఉంటాయి. అందులోనూ సగం, "నీళ్లలో పడి చస్తున్నానండీ, ఏం చేయాలి?" అనేదే. ప్రతిసారీ మొదటినుంచి చెప్పే ఓపిక లేక అన్నీ ఒకచోట రాసేశాను. ఎక్కడ ఆగిపోయారో ఆ ప్రశ్న చూసుకుంటే చాలు, మొత్తం చదవక్కర్లేదు.

## మొదలుపెట్టక ముందు

ఇంతకీ ఇదేం ఆట? దీనికి ఇంత పేరెందుకు?

1987లో బ్రిటన్‌కు చెందిన సిస్టమ్ 3 కంపెనీ కమడోర్ 64 కంప్యూటర్ కోసం తెచ్చిన నింజా ఆట ఇది. ప్రోగ్రామింగ్ జాన్ ట్విడీ, బొమ్మలు హ్యూ రైలీ, సంగీతం బెన్ డాగ్లిష్, ఆంథనీ లీస్. అంతకు ముందు కరాటే ఆటలంటే ఎక్కువగా ఒకే తెర మీద ఇద్దరు ఎదురెదురుగా నిలబడి కొట్టుకోవడమే. ఈ కంపెనీయే అంతకుముందు తెచ్చిన ఇంటర్నేషనల్ కరాటే కూడా అంతే. లాస్ట్ నింజాలో మాత్రం దెబ్బలాట ఒక భాగమే. దారి వెతకాలి, వస్తువులు ఏరుకోవాలి, ఏది ఎక్కడ పనికొస్తుందో ఆలోచించాలి. చుట్టూ ఉన్న లోకాన్ని ఏటవాలుగా, పై మూల నుంచి చూస్తున్నట్టు గీశారు. ఆ కోణం వీళ్లు కనిపెట్టింది కాదు. 1984లోనే స్పెక్ట్రమ్ అనే ఇంకో కంప్యూటర్ మీద నైట్ లోర్ అనే ఆట వచ్చింది. కానీ అందులో గదులు ఒకటి రెండు రంగుల్లో ఉండేవి. ఇక్కడ చెట్లు, బండలు, తామరాకులు, గుడి గోడలు అన్నీ రంగుల్లో, అదీ 64 కిలోబైట్ల మెమరీలో! ఇప్పుడు మన ఫోన్‌లో ఒక ఫొటో దీనికి యాభై రెట్లు ఉంటుంది.

మాన్యువల్ లేదు. కథేంటో రెండు ముక్కల్లో చెప్పండి.

లిన్ ఫెన్ అనే దీవిలో ఉన్న గుడికి తెల్ల నింజాలందరూ పదేళ్లకోసారి వెళ్తారు. అక్కడి కోగా గ్రంథాల నుంచి కొత్త విద్య నేర్చుకుంటారు. వాళ్ల మీద ఎప్పటినుంచో కన్నేసిన షోగన్ (సైనిక పాలకుడు) కునిటోకి, అందరూ ఒకేచోట చేరిన సమయం చూసి మొత్తం వంశాన్నే తుడిచిపెట్టేస్తాడు. ఊళ్లో గుడికి కాపలాగా మిగిలిపోయిన ఆర్మకుని ఒక్కడే బతుకుతాడు. మీరే ఆ ఆర్మకుని. దీవికి వెళ్లి, కునిటోకిని చంపి, గ్రంథాలు వెనక్కి తేవాలి.

ఆర్మకుని నిజంగా జపాన్ పేరేనా?

కాదు. జపాన్ భాషలో మధ్యలో అలా "ర్మ" అని రెండు హల్లులు కలిసి రావు. లండన్‌లో కూర్చుని వినడానికి జపాన్ పేరులా ఉంటే చాలనుకుని పెట్టినట్టుంది. కోగా మాత్రం నిజమైన ప్రాంతమే. ఇగా, కోగా రెండూ నింజాలకు పేరుపడ్డవి. కునిటోకిది అషికాగా వంశం అని ఆట చెబుతుంది. ఆ వంశపు షోగన్లు 1336 నుంచి 1573 వరకు నిజంగానే పాలించారు, కానీ వాళ్లలో కునిటోకి అని ఎవరూ లేరు. ఆటలో దొరికే నన్‌చాకు (గొలుసుతో కలిపిన రెండు పొట్టి కర్రలు) కూడా ఒకినావా దీవులకు చెందిన ఆయుధమే, నింజాలది కాదు. 1980లలో ఇంగ్లండ్ పిల్లలకు నచ్చిన జపాన్ ఇది. అలాగే చూస్తే బావుంటుంది.

మన దగ్గర అప్పట్లో ఎవరైనా ఆడారా?

కమడోర్ 64 మన ఊళ్లలో సామాన్యంగా కనిపించే వస్తువు కాదు. మనలో చాలామందికి వీడియో గేమ్ అంటే టీవీకి తగిలించి క్యాట్రిడ్జ్ పెట్టేదే. ఒక్క చిన్న లింకు మాత్రం ఉంది. 1984లో కేంద్ర ప్రభుత్వం క్లాస్ అనే పథకం కింద దేశంలోని కొన్ని బడులకు బీబీసీ మైక్రో కంప్యూటర్లు ఇచ్చింది. లాస్ట్ నింజా 1988లో ఆ బీబీసీ మైక్రోకి కూడా వచ్చింది. అంటే ఆ ఆటను ఆడించగల మెషిన్ మన బడుల్లో తాళం వేసిన గదిలో, గుడ్డ కప్పుకుని కూర్చుని ఉందన్నమాట. చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్లిన తరం వాళ్లకు ఆ గది గుర్తుండే ఉంటుంది.

చాలా మెషిన్లకు వచ్చిందంటున్నారు. ఏది ఆడాలి?

కమడోర్ 64ది. మొదట తయారైంది దానికే, బొమ్మలు గీసిందీ పాటలు కట్టిందీ దాని చిప్‌లకే. బీబీసీ మైక్రోలో మెమరీ సగమే, 32 కిలోబైట్లు. అందులో పట్టించడమే గొప్ప, కానీ రంగులు పోయాయి. పాత పీసీల డాస్‌కీ ఒకటి ఉంది. అమీగా కంప్యూటర్‌లో కావాలంటే లాస్ట్ నింజా అని వెతక్కండి. అక్కడ ఈ ఆట 1990లో నింజా రీమిక్స్ అనే పేరుతో వచ్చింది.

ఫైల్ ఎక్కడ దొరుకుతుంది? లింక్ పంపుతారా?

పంపను. పాతదైనంత మాత్రాన హక్కులు పోవు, ఇది ఇప్పటికీ కంపెనీ సొత్తే. పాత క్యాసెట్ లేదా డిస్క్ కొనుక్కోవచ్చు, లేదా అధికారికంగా మళ్లీ విడుదల చేసినవి కొనొచ్చు. 2008లో యూరప్‌లో నింటెండో వీ అనే గేమ్ మెషిన్ మీద అమ్మారు గానీ, దాని ఆన్‌లైన్ దుకాణం 2019 జనవరిలో మూతపడింది.

## లోడ్ చేసేటప్పుడు

నీలం తెర వచ్చి ఆగిపోయింది. ఇప్పుడేం చేయాలి?

ఆగిపోలేదు, మీకోసం చూస్తోంది. పైన 38911 బైట్లు ఖాళీ అని, కింద రెడీ అని ఉండి, ఒక చదరం మినుకుమినుకుమంటుంటే కమడోర్ 64 మామూలుగా ఉన్నట్టే. డిస్క్ అయితే లోడ్ అనే ఇంగ్లీష్ మాట కొట్టి, కోట్స్ మధ్యలో నక్షత్రం గుర్తు పెట్టి, కామా 8 కామా 1 అని ఎంటర్ నొక్కండి. టేప్ అయితే షిఫ్ట్ పట్టుకుని రన్/స్టాప్ నొక్కి, తర్వాత టేప్ ప్లే చేయండి. వైస్ ఎమ్యులేటర్‌లో (ఇప్పటి కంప్యూటర్‌లో కమడోర్ 64ని అనుకరించే ప్రోగ్రామ్) అయితే ఈ గొడవ లేదు. ఫైల్‌ను ఆటోస్టార్ట్ చేస్తే అదే టైప్ చేసుకుంటుంది.

పాట వస్తోంది కానీ ఆట రావట్లేదు. హ్యాంగ్ అయిందా?

లేదు. లోడ్ అవుతున్నంతసేపూ వినడానికే ఆ పాట. టేప్ అయితే నిమిషాల లెక్కన పడుతుంది. ఈ ఆటలో ఒక్కో లెవెల్‌కు రెండు పాటలుంటాయి, లోడ్ అయ్యేటప్పుడు ఒకటి, ఆడేటప్పుడు ఇంకొకటి. ఎమ్యులేటర్‌లో ఆల్ట్, డబ్ల్యూ నొక్కితే వేగం పెరిగి చిటికెలో అయిపోతుంది. కానీ పాట కీచుమంటూ పరుగెడుతుంది. మొదటిసారైనా అలా చేయకండి, టీ పెట్టుకుని రండి.

డిస్క్ ఫైల్ సగంలో ఆగిపోతోంది.

అప్పటి ఆటలు డిస్క్ డ్రైవ్‌ను తమ సొంత పద్ధతిలో, మామూలు కంటే వేగంగా నడిపేవి. ఎమ్యులేటర్ డ్రైవ్‌ను పైపైన అనుకరిస్తుంటే ఆ కిటుకులు పనిచేయవు. సెట్టింగ్స్‌లో ట్రూ డ్రైవ్ ఎమ్యులేషన్ ఆన్ చేయండి. నూటికి తొంభై సార్లు సమస్య అదే.

అంతా బాగానే వచ్చింది, జాయ్‌స్టిక్ మాత్రం కదలట్లేదు.

కమడోర్ 64కి జాయ్‌స్టిక్ పోర్టులు రెండు. మీది తప్పు పోర్టులో ఉంది. వైస్‌లో ఆల్ట్, జే నొక్కితే రెండూ తారుమారవుతాయి. ఈ సంగతి తెలియక నేను ఒక సాయంత్రమంతా గేమ్‌ప్యాడ్ పాడైందనుకుని, దాని స్క్రూలు కూడా విప్పాను. మళ్లీ బిగించాక ఒక స్క్రూ మిగిలింది, ఇప్పటికీ డ్రాయర్‌లో ఉంది.

నా దగ్గర సంగీతం తొందరగా పోతోంది. వీడియోల్లో అలా లేదే?

ఎమ్యులేటర్ అమెరికా పద్ధతిలో ఉంది. యూరప్ మెషిన్లు సెకనుకు 50 సార్లు తెర గీస్తే, అమెరికావి 60 సార్లు. ఆట కట్టింది 50 లెక్కకు. సెట్టింగ్స్‌లో పాల్ (యూరప్ పద్ధతి) అని ఎంచుకోండి, పాట కుదుటపడుతుంది.

## మొదటి లెవెల్: బంజరు నేల

ఒకటి నొక్కితే ఇంకో వైపు పోతున్నాడు. కంట్రోల్స్ ఇంత ఘోరమా?

ఘోరమని అనలేను గానీ, అలవాటు పడాలి. దారులన్నీ తెర మీద ఏటవాలుగా ఉంటాయి, మన బొటనవేలేమో నిటారుగా, అడ్డంగా నొక్కడానికి అలవాటుపడింది. మొదటి స్క్రీన్‌లోనే పది నిమిషాలు ఊరికే తిరగండి. ఎవరినీ కొట్టొద్దు, ఏమీ తీయొద్దు. ఒక బండ చుట్టూ రెండు సార్లు తగలకుండా తిరగగలిగితే మీరు రెడీ. ఈ ఆటలో చచ్చేవాళ్లలో ఎక్కువమంది కత్తికి కాదు, కాళ్లకు చస్తారు. పది నిమిషాలు వేస్ట్ అనుకోకండి.

కొత్త స్క్రీన్‌లోకి వెళ్తే బొమ్మ ముక్కలు ముక్కలుగా వస్తోంది. ఎర్రరా?

కాదు. స్క్రీన్ మొత్తాన్ని ఒక ఫొటోలా దాచుకునే చోటు మెమరీలో లేదు. అందుకే పొద, బండ, గోడ లాంటి ముక్కలు మాత్రమే దాచుకుని, వెళ్లిన ప్రతిసారీ వాటిని పేర్చి గీస్తుంది. ముగ్గు వేస్తుంటే చూసినట్టు ఉంటుంది, నాకైతే అదే ఇష్టం.

వస్తువు కళ్లముందే ఉంది, తీసుకోలేకపోతున్నా.

దగ్గరగా ఉంటే చాలదు, సరిగ్గా ఎదురుగా నిలబడాలి. ఆర్మకుని చెయ్యి చాచి తీస్తాడు, ఆ చెయ్యి వస్తువు దాకా చేరాలి. అంగుళం అటూ ఇటూ అయితే గాలిని పట్టుకుంటాడు. స్క్రీన్‌లోకి అడుగుపెట్టగానే తీసుకోదగ్గ వస్తువు మిణుక్కుమంటుంది, అప్పుడే దాని చోటు గుర్తుపెట్టుకోండి. గాలిని పట్టుకుంటే పక్కకు జరగకండి. ఒకడుగు వెనక్కి వేసి, మళ్లీ ముందుకు వచ్చి ప్రయత్నించండి.

గుడి ముందు ఏం చేయాలి? ఊరికే అలంకారమా?

అలంకారం కాదు. గుడి ముందుకి వెళ్లి మోకరిల్లండి. తర్వాత ఏ వస్తువు వెతకాలో దాని బొమ్మ కనిపిస్తుంది. ఇందులో సూచన అంటూ ఇచ్చేది ఇదొక్కటే. హడావిడిలో గుడి పక్కనుంచి పోయినవాళ్లే తర్వాత దారి తెలియక తిరుగుతుంటారు.

నీళ్లలో పడి చస్తున్నా. రాళ్ల మీద నుంచి ఎలా దూకాలి?

ఇదీ అసలు ప్రశ్న. ముందుగా, మీరు ఒక్కరే కాదు. 1987లో జాయ్‌స్టిక్‌లు విరగ్గొట్టినవాళ్లంతా ఇక్కడే విరగ్గొట్టారు.

గంతు దూరం ఎప్పుడూ ఒకటే. ఎక్కువసేపు నొక్కితే ఎక్కువ దూరం పోడు. కాబట్టి ఎంత గట్టిగా దూకాం అనేది లెక్కలోకి రాదు, ఎక్కడినుంచి దూకాం, ఎటు చూస్తూ దూకాం అన్నదే లెక్క. రాయి అంచుకు రాకముందే తొందరపడి దూకితే తర్వాతి రాయి అందక నీళ్లలో పడతారు. అంచు దాటి ఒక్క చుక్క పోయినా దూకకముందే జారతారు.

నేను చేసేది ఇది. రాయి మీద దిగగానే చెయ్యి పూర్తిగా వదిలేస్తాను. ఆర్మకుని ముఖం తర్వాతి రాయి వైపు తిప్పి, మళ్లీ వదిలేస్తాను. అప్పుడు అతని కాలి ముంగాళ్లు చూస్తాను, తలను కాదు. ఏటవాలు బొమ్మలో తల ఎక్కడుందో చూస్తే కన్ను మోసపోతుంది, నేలకు ఆనేది పాదం కదా. పాదం రాయి రంగు మీద ఉండి, ముందు ఒక సన్నటి గీత మాత్రం మిగిలినప్పుడు దూకుతాను. తర్వాతి రాయి మీద దిగాక మళ్లీ మొదటినుంచి. లయగా టకటకా దూకేయాలనిపిస్తుంది, వద్దు. ఆ పాట వింటుంటే కాళ్లు ఆగవని తెలుసు, అయినా వద్దు. అవసరమైతే ఆ ఒక్క చోట సౌండ్ తగ్గించుకోండి.

డ్రాగన్ దగ్గరికి పోతే చాలు కాల్చేస్తోంది. కత్తితో చంపొచ్చా?

చంపలేరు. కత్తి తీసుకుని దాని మీదకి పోయినవాళ్లందరూ బూడిదయ్యారు. దారిలో దొరికే పొగ బాంబు దూరంనుంచే దాని మీదకి విసరండి, నిద్రపోతుంది. అది పడుకోగానే ఆలస్యం చేయకుండా దాటేయండి. బాంబు లేకుండా ఇక్కడి దాకా వచ్చేసి ఉంటే వెనక్కి వెళ్లి వెతుక్కోవడం తప్ప దారి లేదు.

యాపిల్ ఎందుకు?

ఒక ప్రాణం ఎక్కువ వస్తుంది. కనిపిస్తే వదలకండి.

## దెబ్బలాట

ఏ ఆయుధం మంచిది?

కత్తి, కర్ర, నన్‌చాకు, షురికెన్‌లు (విసిరే పదునైన ఇనుప బిళ్లలు) ఉంటాయి, ఏదీ లేకపోతే చేతులూ కాళ్లూ. నా ఓటు కత్తికే. నన్‌చాకు చూడ్డానికి స్టైలుగా ఉంటుంది, కానీ బాగా దగ్గరికి పోవాలి. చేతిలో ఆయుధం ఉన్నప్పుడు బటన్ ఏ పని చేస్తుందో ఒకసారి ఖాళీ చోట చూసుకోండి. జాయ్‌స్టిక్‌కు ఉన్నది ఒకటే బటన్, కొట్టడం, తీయడం, దూకడం అన్నీ దాంతోనే. దూకబోయి గాలిలో కత్తి తిప్పి చచ్చిన సందర్భాలు నావే చాలా ఉన్నాయి.

కనిపించిన ప్రతివాడినీ కొట్టాలా?

అక్కర్లేదు. కాపలావాడు దారికి అడ్డంగా లేకపోతే చుట్టూ తిరిగి వెళ్లిపోండి. కొడితే వచ్చే లాభం కన్నా పోయే శక్తి ఎక్కువ. మీ శక్తి, వాడి శక్తి రెండూ తెర మీదే కనిపిస్తాయి కాబట్టి, మొదటి రెండు దెబ్బల్లో మీదే ఎక్కువ తగ్గుతుంటే వెనక్కి తగ్గి స్క్రీన్ దాటడం మేలు. సిగ్గేం లేదు, నింజా అంటేనే చాటుగా పోయేవాడు.

షురికెన్‌లు ఎప్పుడు వాడాలి?

ఇరుకు దారిలో ఎదురుగా ఒకడున్నప్పుడు. లెక్కకు కొన్నే ఉంటాయి.

## ముందు లెవెల్స్

మొత్తం ఎన్ని లెవెల్స్? పేర్లేంటి?

ఆరు. బంజరు నేల, అడవి, రాజభవనం తోటలు, చెరసాలలు, రాజభవనం, లోపలి గర్భగుడి. బయటినుంచి లోపలికి, ఆరుబయటనుంచి ఇరుకుకు పోతుంటాం. తోటలు అన్నిటికన్నా అందంగా ఉంటాయి, అక్కడ కాసేపు ఆగండి. చెరసాలల్లో ఒక స్క్రీన్ ఇంకో స్క్రీన్‌లా ఉంటుంది కాబట్టి కాగితం మీద మ్యాప్ గీసుకోండి. చిన్న చదరాలు, వాటి మధ్య గీతలు చాలు.

కొండ దగ్గర ఇరుక్కుపోయా. ఎక్కలేను, దిగలేను.

చేతిలో సరైన వస్తువు లేదన్నమాట. ఎక్కడానికి పంజా, దిగడానికి తాడు. తీసుకుంటే చాలదు, వాడే ముందు దాన్ని ఎంచుకుని చేతిలో పెట్టుకోవాలి. సంచిలో తాడు పెట్టుకుని కొండ అంచున నిలబడి "పనిచేయట్లేదు" అన్నవాళ్లు కనీసం ముగ్గురున్నారు.

ఏదో వస్తువు వదిలేసి తర్వాతి లెవెల్‌కు వచ్చేశా. పర్లేదా?

పర్లేదో కాదో అది ఏ వస్తువన్న దాన్ని బట్టి ఉంటుంది. ఆయుధమైతే కష్టపడి గట్టెక్కొచ్చు. దారి తెరిచేదైతే పని అయిపోయినట్టే. వెనకటి లెవెల్‌కు తలుపు లేదు. అందుకే ప్రతి లెవెల్ చివర్లో దాటే ముందు ఒక్క నిమిషం ఆగి, ఏ మూల చూడలేదో గుర్తుచేసుకోండి.

ఎమ్యులేటర్‌లో సేవ్ చేసుకుంటూ ఆడితే మోసమా?

ఎవరిని మోసం చేస్తున్నారు? నేను లెవెల్ మొదట్లో ఒకసారి సేవ్ చేస్తాను, మధ్యలో చేయను. ప్రతి గంతుకూ సేవ్ చేస్తే ఆట అయిపోతుంది కానీ గంతు రాదు, తర్వాతి నది దగ్గర మళ్లీ అదే ఏడుపు. రాత్రి పదింటికి పిల్లలు పడుకున్నాక ఆడేవాళ్లకు వేరే లెక్క, మీ ఇష్టం.

కునిటోకిని కొట్టేశా. ఆట ఎందుకు అయిపోలేదు?

మీరు వచ్చింది వాడికోసం మాత్రమే కాదు కదా, గ్రంథం తీసుకోండి.

## ఆట అయిపోయాక

రెండో భాగం, మూడో భాగం, రీమిక్స్... ఇవన్నీ ఏంటి? గందరగోళంగా ఉంది.

గందరగోళమే. లాస్ట్ నింజా 2 1988లో వచ్చింది. అందులో ఆర్మకుని కాలం దాటి న్యూయార్క్‌లో తేలతాడు. సెంట్రల్ పార్క్, వీధులు, మురుగు కాలువలు, ఆఫీసు... డబ్బాలో ముసుగు, బొమ్మ షురికెన్ కూడా పెట్టి అమ్మారు. మూడోది 1991లో, టిబెట్ నేపథ్యం. ఇక రీమిక్స్ దగ్గరే అందరూ పప్పులో కాలేస్తారు. 1990లో కమడోర్ 64కి వచ్చిన లాస్ట్ నింజా రీమిక్స్ రెండో భాగమే, కొత్త పాటలతో. అమీగాకి వచ్చిన నింజా రీమిక్స్ మాత్రం మొదటి భాగం. ఇది చాలదన్నట్టు, 1991లో నింటెండో పాత గేమ్ మెషిన్‌కి "ది లాస్ట్ నింజా" అనే పేరుతో వచ్చింది కూడా రెండో భాగమే. అది ఆడి, "ఇందులో డ్రాగన్ ఎక్కడండీ, అంతా అమెరికాలా ఉంది" అని అడిగినవాళ్లున్నారు. స్పెక్ట్రమ్‌కి మొదటి భాగం రానేలేదు, రెండో భాగం నుంచే వచ్చింది.

పాటలు విడిగా వినొచ్చా? ఒక్కో వీడియోలో ఒక్కోలా ఉన్నాయేంటి?

వినొచ్చు, వినాలి కూడా. కమడోర్ 64 సౌండ్ చిప్ పేరు సిడ్, ఒకేసారి మూడు గొంతులు మాత్రమే పలుకుతుంది. తాళం, బేస్, రాగం, మధ్యలో తీగ మీటినట్టు మెరుపులు, అన్నీ ఆ మూడింట్లోనే సర్దారు. ఒక్కో గొంతు క్షణానికో వేషం మారుస్తుంటుంది, అందుకే నలుగురైదుగురు వాయిస్తున్నట్టు వినిపిస్తుంది. తేడా ఎందుకంటే, పాత మెషిన్లలో 6581 రకం చిప్, తర్వాతి వాటిలో 8580 రకం ఉండేవి. రెండింటి ఫిల్టర్లు ఒకేలా పనిచేయవు. 6581లో శబ్దం కొంచెం గరుకుగా, బరువుగా ఉంటుంది. ఎమ్యులేటర్‌లో రెండూ పెట్టి చూడండి. నాకు గరుకుదే నచ్చుతుంది. బెన్ డాగ్లిష్ 2018 అక్టోబర్ 1న చనిపోయాడు. ఆ రాత్రి తోటల లెవెల్ పెట్టుకుని, ఎవరితోనూ కొట్లాడకుండా, ఒక మూల నిలబడి పాట మూడు సార్లు తిరిగేదాకా విన్నాను.

ఫోన్‌లో ఆడొచ్చా?

ఎమ్యులేటర్లున్నాయి, నడుస్తుంది. కానీ అద్దం మీద వేలు పెట్టి ఏటవాలుగా నొక్కాలంటే మాత్రం ఆ నీళ్ల దగ్గర మీ గతి నాకు తెలుసు. బ్లూటూత్ గేమ్‌ప్యాడ్ ఒకటి కొనుక్కోండి.